గుండె చుట్టూ కొవ్వు 142 మి.లీ. ఉందన్నారు.. యాంజియోగ్రామ్ తప్పదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 47. ఎత్తు 168 సెం.మీ., బరువు 79 కిలోలు, నడుము 40 అంగుళాలు. మాది గుంటూరు. హోల్‌సేల్ కిరాణా వ్యాపారం, రోజంతా కూర్చునే పని. ఐదేళ్లుగా షుగర్, రెండేళ్లుగా బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ వాడుతున్నాను. హెచ్‌బీఏ1సీ 7.8, ఎల్‌డీఎల్ 128, ట్రైగ్లిజరైడ్లు 210, హెచ్‌డీఎల్ 36 వచ్చాయి. ఇటీవల హెల్త్ చెకప్‌లో ఎకో చేసి గుండె మీద 7 మి.మీ. కొవ్వు ఉందన్నారు. తర్వాత సీటీ తీసి కొవ్వు 142 మి.లీ., కాల్షియం స్కోరు 38 అని రాశారు. నాకు ఛాతీ నొప్పి, ఆయాసం లేవు. రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలను. ఈ కొవ్వే బ్లాకులా? దీన్ని తీసేయించుకోవచ్చా? వెంటనే యాంజియోగ్రామ్ చేయించుకోమని తెలిసినవారు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: గుండె చుట్టూ ఉన్న కొవ్వు, బ్లాకులు ఒకటి కావు. బ్లాకు రక్తనాళం గోడ లోపల ఏర్పడుతుంది. మీ రిపోర్టులో రాసిన కొవ్వు నాళానికి బయట, గుండె కండరం మీద ఉంటుంది. మీరు చెప్పిన వివరాలను బట్టి ఇప్పుడు యాంజియోగ్రామ్ అవసరం లేదు. కొవ్వును కోసి తీసే ఆపరేషనూ లేదు. అయితే ఊరికే ఉండిపోవద్దు. మీరు భయపడుతున్నది 142ను చూసి. నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నవి కాల్షియం స్కోరు (నాళాల గోడల్లో గట్టిపడిన పూడికకు కొలత) 38, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 128.

ఈ కొవ్వు అందరికీ ఉంటుంది. మాంసం కొట్టులో మేక గుండెను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పైభాగాన, గాడుల వెంట తెల్లగా కొవ్వు పేరుకుని ఉంటుంది. గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులు ఆ కొవ్వులోనే దాగి నడుస్తాయి. మనిషి గుండె ఉపరితలంలో దాదాపు 80 శాతాన్ని ఇది కప్పి ఉంచుతుంది. గుండె బరువులో సుమారు ఐదో వంతు దీనిదే. మామూలు మోతాదులో ఉంటే మేలే చేస్తుంది. కండరానికి ఇంధనం అందిస్తుంది, నాళాలకు మెత్తగా కాపు కాస్తుంది.

చిక్కంతా అది పెరిగి, తీరు మారినప్పుడు వస్తుంది. ఈ కొవ్వుకీ గుండె కండరానికీ మధ్య అడ్డుపొర ఏదీ లేదు. రెండింటికీ రక్తం ఒకే సూక్ష్మనాళాల నుంచి అందుతుంది. కొవ్వు కణాలు ఉబ్బినప్పుడు ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా లాంటి వాపు కలిగించే రసాయనాలు ఎక్కువగా విడుదలవుతాయి, కాపాడే అడిపోనెక్టిన్ తగ్గుతుంది. అవి పక్కనే ఉన్న ధమని గోడలోకి బయటి నుంచి ఇంకుతాయి. కొందరిలో ఎడమ ముందు ధమనిలో కొంత భాగం కండరంలోకి దిగి సొరంగంలో వెళ్లినట్టు వెళ్తుంది. దీన్ని మయోకార్డియల్ బ్రిడ్జ్ అంటాం. అక్కడ నాళం చుట్టూ కొవ్వు ఉండదు. ఆ ముక్కలో పూడిక కనిపించడం చాలా అరుదు. అక్కడి రక్తపు ఒత్తిడి తీరు కూడా అందుకు ఒక కారణమే కాబట్టి మొత్తం ఘనత కొవ్వు లేకపోవడానికే కట్టబెట్టలేం. అయినా ఆలోచింపజేసే విషయమే.

జర్మనీలో జరిగిన హైంజ్ నిక్స్‌డోర్ఫ్ రీకాల్ అధ్యయనంలో నాలుగు వేల మందికి పైగా మామూలు జనానికి సీటీ తీసి, సుమారు ఎనిమిదేళ్లు గమనించారు. గుండె మీద కొవ్వు ఎక్కువ ఉన్నవారికి గుండెపోట్లు ఎక్కువ వచ్చాయి. కాల్షియం స్కోరును లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ సంబంధం నిలిచింది. అందుకే ఈ కొలతను కొట్టిపారేయలేం. కానీ కేవలం దీన్ని చూసి ఒక మందు మొదలుపెట్టే, ఒక స్టెంట్ వేసే పద్ధతి ఇంకా లేదు.

ఇక మీ అంకెలు ఎలా వచ్చాయో చూద్దాం. ఎకోలో మిమ్మల్ని ఎడమ పక్కకు ఒత్తిగిల్లి పడుకోమని, రొమ్ము ఎముకకు ఎడమవైపు మూడో, నాలుగో పక్కటెముకల సందులో ప్రోబు పెడతారు. గుండెను పొడవుగా కోసి చూపినట్టు తెర మీద బొమ్మ వస్తుంది. కుడి జఠరిక గోడకు ముందు, నలుపులో బూడిదరంగు చుక్కలు కలిసిన పట్టీ ఒకటి కనిపిస్తుంది. అదే కొవ్వు. గుండె పూర్తిగా ముడుచుకున్న క్షణంలోనే దాన్ని కొలవాలి. వ్యాకోచించినప్పుడు కొవ్వు నొక్కుకుపోయి పలచగా కనిపిస్తుంది. కొలిచే గీత గోడకు సరిగ్గా లంబంగా ఉండాలి. గీత ఏటవాలైతే 5 మి.మీ. పొర 6గా, 7గా కూడా నమోదవుతుంది. మూడు స్పందనల్లో కొలిచి సగటు తీయాలి. హడావుడిగా జరిగే చెకప్‌లలో ఒక్క బొమ్మ మీదే గీత గీసి రాసేస్తుంటారు. కొన్నిసార్లు ఈ పట్టీని చూసి గుండె చుట్టూ నీరు చేరిందని పొరబడటమూ ఉంది. నీరు నిండు నలుపుగా ఉంటుంది, మామూలుగా ముందు గుండె వెనక భాగాన చేరుతుంది. కొవ్వు చుక్కలు చుక్కలుగా ఉండి, గుండెతో పాటే కదులుతుంది.

ఎకోలో ఎంత దాటితే ఎక్కువ అన్న దానికి ఒకే హద్దు లేదు. 5 మి.మీ. దాటితే ఎక్కువ అని చాలాచోట్ల రాస్తారు. ఈ కొలత పద్ధతిని 2003లో ప్రతిపాదించిన జియాన్‌లూకా ఇయాకోబెల్లిస్ బృందం 2008లో మెటబాలిక్ సిండ్రోమ్‌కు మగవారిలో 9.5, ఆడవారిలో 7.5 మి.మీ. హద్దుగా చూపింది. అది తెల్లజాతివారిలో తీసిన లెక్క. మీ 7 మి.మీ. ఆ 5కీ, ఈ 9.5కీ మధ్యన ఉంది.

సీటీ కొలత ఇంతకంటే నమ్మదగింది. ఎకో ఒక్కచోట మందాన్ని చెబితే సీటీ మొత్తం పరిమాణాన్ని లెక్కిస్తుంది. ఈసీజీతో జతచేసి, సాధారణంగా 3 మి.మీ. ముక్కలుగా బొమ్మలు తీస్తారు. ఊపిరితిత్తుల ధమని చీలే చోటు నుంచి గుండె కొన దాకా గుండె పైపొర వెంట గీత గీస్తారు. ఆ గీత లోపల –190 నుంచి –30 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల మధ్య ఉన్న ప్రతి చుక్కనూ కంప్యూటర్ కొవ్వుగా లెక్కగడుతుంది. ఈ కొలమానంలో నీరు 0, గాలి –1000. గీత కాస్త బయటికి జరిగిందంటే పైపొర అవతల ఉన్న కొవ్వు కూడా లెక్కలో కలిసిపోతుంది. ఆ బయటి కొవ్వుకు కరోనరీ నాళాలతో సంబంధం లేదు, దాని రక్తసరఫరా వేరు. అందుకే రిపోర్టులో ‘ఎపికార్డియల్’ (పైపొర లోపలి కొవ్వు) అని ఉందా, ‘పెరికార్డియల్’ అని ఉందా అన్నది చూడండి. రెండో మాటను కొందరు లోపలి, బయటి కొవ్వులను కలిపి వాడతారు. డై ఎక్కించి తీసిన సీటీలో కొవ్వు పరిమాణం తక్కువగా వస్తుంది కాబట్టి, డై లేని సీటీతో దాన్ని పోల్చకూడదు. సుమారు 125 మి.లీ. దాటితే ఎక్కువ అని చాలామంది పరిశోధకులు లెక్కిస్తారు. 142 ఆ గీత దాటినట్టే, అయితే భారీ తేడా కాదు.

కొవ్వు ఎంతుందన్నదానికంటే ఎలా ఉందన్నది ఇంకా ముఖ్యం కావచ్చు. నాళం గోడలో వాపు ఉంటే దాని చుట్టూ ఉన్న కొవ్వు కణాల్లో కొవ్వు తగ్గి నీటిపాలు పెరుగుతుంది. సీటీలో ఆ కొవ్వు అంకె సున్నా వైపు జరుగుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో చరలంబోస్ ఆంటోనియాడెస్ బృందం దీనిమీద పనిచేసింది. 2018లో వచ్చిన క్రిస్ప్-సీటీ అధ్యయనంలో కుడి కరోనరీ ధమని చుట్టూ ఈ అంకె –70.1 కంటే పైకి వచ్చినవారికి గుండె జబ్బుతో మరణించే ముప్పు ఎక్కువగా కనిపించింది. దీనికి డై ఎక్కించి తీసిన కరోనరీ సీటీ, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావాలి. మీకు ఇప్పుడు అక్కర్లేదు.

కాల్షియం స్కోరు 38 స్వల్పం అనే వర్గంలోకి వస్తుంది. 1–99 స్వల్పం, 100–399 మధ్యస్తం, 400 ఆ పైన ఎక్కువ. కానీ 47 ఏళ్ల మగవారిలో చాలామందికి ఇది సున్నానే ఉంటుంది. మీ నాళాల గోడల్లో పూడిక మొదలైందని ఈ 38 చెబుతోంది. గట్టిపడని మెత్తని పూడిక ఈ స్కోరులో కనిపించదు కూడా. షుగర్, బీపీ, తక్కువ హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తోడయ్యాయి. ఇన్ని ఉండి కూడా మీ మందుల్లో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ లేకపోవడమే నాకు బాధ కలిగిస్తోంది. షుగర్ ఉండి 40 ఏళ్లు దాటితే కొవ్వు స్కాన్ తీసినా తీయకపోయినా స్టాటిన్ ఇవ్వాలి.

మీ ఎల్‌డీఎల్ 70 లోపుకు రావాలి. 128 నుంచి 70కి రావాలంటే సుమారు 45 శాతం తగ్గాలి. రోసువాస్టాటిన్ 10 మి.గ్రా. సరిగ్గా ఆ అంచున నిలుస్తుంది. అటార్వాస్టాటిన్ 40 లేదా రోసువాస్టాటిన్ 20 అయితే దాదాపు 50 శాతం తగ్గిస్తాయి. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసినా అదనంగా తగ్గేది 6 శాతమే. అందుకే చాలకపోతే ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మందు 10 మి.గ్రా. కలపడం మేలు. లివర్ పరీక్ష చేయించి, మీ డాక్టర్ రాసిన మోతాదుతో మొదలుపెట్టండి. 6–8 వారాలకు మళ్లీ ఎల్‌డీఎల్ చూడాలి. స్టాటిన్‌తో షుగర్ కొద్దిగా పెరగొచ్చు, కానీ గుండెకు కలిగే మేలు దానికంటే ఎన్నో రెట్లు. జీవితంలో ఒక్కసారి లిపోప్రోటీన్-ఏ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం చెడు కొలెస్ట్రాల్) పరీక్ష చేయించండి. ఆస్పిరిన్ సొంతంగా మొదలుపెట్టకండి. ఈ స్కోరుకు దానివల్ల లాభం కంటే కడుపులో రక్తస్రావం ముప్పే ఎక్కువ.

గుండె మీద కొవ్వు పొట్టలో కొవ్వుకు తోబుట్టువు లాంటిది, పొట్ట తగ్గితే ఇదీ తగ్గుతుంది. మీ బీఎంఐ 28. మన దేశస్థులకు 25 దాటితేనే ఊబకాయం. నడుము 90 సెం.మీ. లోపు, అంటే ముప్పై ఐదున్నర అంగుళాల లోపు ఉండాలి. బెల్టు దగ్గర కాదు, బొడ్డుకు కాస్త పైన, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక టేపు పెట్టండి. ఆరు నెలల్లో 8 కిలోలు తగ్గడం మీ లక్ష్యం. షుగర్ మందుల విషయం కూడా మీ డాక్టర్‌తో మాట్లాడండి. 2017లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో మెట్‌ఫార్మిన్‌కు లిరాగ్లుటైడ్ ఇంజెక్షన్ జోడిస్తే ఆరు నెలల్లో గుండె మీద కొవ్వు 9.6 మి.మీ. నుంచి 6.2కు తగ్గింది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలతోనూ తగ్గినట్టు చూశారు. మీ హెచ్‌బీఏ1సీ 7.8 కాబట్టి ఎలాగూ ఇంకో మందు కావాలి. ఈ రెండు రకాల్లో ఒకటి ఎంచుకోవడం తెలివైన పని.

కొట్లో కూర్చునేవారికి పెద్ద శత్రువు సాయంత్రం బజ్జీ, పునుగు, దానికి తోడు మూడు పూటలా తీపి టీ. ముందు వాటిని ఆపండి. మధ్యాహ్నం అన్నం ఇప్పుడు తినేదాంట్లో సగం చేసి, ఆ ఖాళీలో కూర, పప్పు పెట్టండి. రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగించండి. ఇంట్లో నూనె తలా నెలకు అర లీటరు దాటకూడదు. తిన్న ప్రతిసారీ పదిహేను నిమిషాలు నడవండి. పొద్దున ఇంకో అరగంట, మాట్లాడగలిగేలా, కానీ పాట పాడలేనంత వేగంగా నడవాలి.

యాంజియోగ్రామ్ ఎప్పుడు? నడిచినా మెట్లెక్కినా ఛాతీలో బిగుతు వచ్చి ఆగితే తగ్గుతుంటే, కొత్తగా ఆయాసం మొదలైతే, ముందు కరోనరీ సీటీ గానీ స్ట్రెస్ పరీక్ష గానీ చేయాలి. అందులో వచ్చినదాన్ని బట్టే తొడ లేదా చేతి నుంచి చేసే యాంజియోగ్రామ్. షుగర్ ఉన్నవారిలో నొప్పి లేకుండా చెమటలు, వాంతి వచ్చినట్టు ఉండటం, దవడ లాగడం మాత్రమే ఉండొచ్చు. అలా పది నిమిషాలు దాటితే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకుండా 108కు ఫోన్ చేసి వెంటనే ఈసీజీ తీయించుకోండి.

కొవ్వు తగ్గిందో లేదో చూద్దామని ఆరు నెలలకోసారి సీటీ తీయించుకోవద్దు. నడుము టేపు, ఎల్‌డీఎల్, హెచ్‌బీఏ1సీ, బీపీ చాలు. కాల్షియం స్కోరు మళ్లీ చూడాలనుకుంటే మూడు నుంచి ఐదేళ్ల తర్వాత చూడొచ్చు. అప్పుడు 38 కాస్తా 60 అయితే మందు పనిచేయలేదని మానేయకండి. స్టాటిన్ వాడేవారిలో మెత్తని పూడిక గట్టిపడి స్థిరపడుతుంది, అందువల్ల కూడా స్కోరు కొంత పెరుగుతుంది.