ఆయాసం పెరిగింది, ఎవరిని పిలవాలి?

ప్రశ్న: మా నాన్నకు 68 ఏళ్లు. న్యుమోనియాతో వార్డులో చేర్చాం. మూడో రోజు రాత్రి, ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉండగానే ఆయాసం పెరిగింది. సిస్టర్ వేలికి క్లిప్పు పెట్టి చూసి '95 ఉంది, కంగారు పడకండి' అన్నారు. తెల్లారేసరికి ఐసీయూకి మార్చారు. మేం ఇంకేం గమనించాల్సింది?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు గమనించింది సరైనదే. అందరూ ఆ 95 (రక్తంలో ఆక్సిజన్ శాతం) దగ్గరే ఆగిపోవడంతో చిక్కొచ్చింది. ఆక్సిజన్ పెట్టాక వచ్చిన 95, పెట్టకుండా వచ్చిన 95 ఒకటి కావు. ఊపిరితిత్తులు దెబ్బతింటుంటే శరీరం ముందు శ్వాస వేగం పెంచుతుంది. ఆ వేగంతోనే కొన్ని గంటలపాటు అంకెను నిలబెడుతుంది. ఓపిక అయిపోయాక అంకె ఒక్కసారిగా పడిపోతుంది.

అందుకే శ్వాస లెక్కపెట్టండి. మాట్లాడించకుండా, లెక్కపెడుతున్నట్టు తెలియనివ్వకుండా, పొట్టో ఛాతీయో పైకి లేచిన ప్రతిసారీ ఒకటి చొప్పున నిండు నిమిషం చూడాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే ఒక్క శ్వాస తేడా నాలుగవుతుంది. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. 25 చేరిందంటే డాక్టర్ వచ్చి చూడాల్సిందే. చాలా చార్టుల్లో శ్వాస గడి నిండా 20, 20, 20 అనే ఉంటుంది. రాత్రిపూట అంతమందిని చూసుకునే సిస్టర్‌కు ప్రతి మంచం దగ్గరా నిమిషంసేపు నిలబడే తీరిక ఉండదు కాబట్టి అంచనాగా రాసేస్తారు. పక్కనే కూర్చున్న మీకు ఆ నిమిషం దొరుకుతుంది.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన 'న్యూస్' అనే, రోగి పరిస్థితి ఎంత విషమిస్తోందో చెప్పే మార్కుల పద్ధతి ఒకటుంది. మీ నాన్నగారి లాంటి రోగికి వేసి చూద్దాం. శ్వాస 26కు 3 మార్కులు, ఆక్సిజన్ 95కు 1, ఆక్సిజన్ గొట్టం పెట్టినందుకు 2, నాడి 112కు 2. పై బీపీ 118, జ్వరం లేదు, తెలివిగా ఉన్నారు, వీటికి సున్నాలే. మొత్తం 8. ఐదు వచ్చినా చాలు, డాక్టర్ త్వరగా చూడాలి. ఏడు, ఆపైన అయితే ఐసీయూ అనుభవం ఉన్నవాళ్లు రావాలి. అంటే క్లిప్పు మీది 95కు ఇందులో వచ్చింది ఒక్క మార్కే.

పెద్దవాళ్లు ఉన్నట్టుండి ఊరు, రోజు తప్పు చెబుతున్నా, సెలైన్ సూది పీకేస్తున్నా నిద్రమత్తు అని సరిపెట్టుకోవద్దు. కొత్తగా వచ్చిన ఆ తికమకకే 3 మార్కులు. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ, గుండె మందులు వాడేవారిలో పరిస్థితి విషమిస్తున్నా నాడి పెద్దగా పెరగకపోవచ్చు. ఏళ్లతరబడి పొగతో ఊపిరితిత్తులు పాడైన కొందరికి డాక్టర్లు ఆక్సిజన్‌ను 88–92 మధ్యే ఉంచుతారు. వారికి లెక్క వేరు. 16 ఏళ్లలోపు వారికి, గర్భిణులకు ఈ మార్కులు వర్తించవు.

ప్రశ్న: డ్యూటీ డాక్టర్ ఒకసారి చూసి వెళ్లారు. మళ్లీ పిలిస్తే విసుక్కుంటున్నారు. గట్టిగా అడిగితే వైద్యం సరిగా చేయరేమోనని భయం.
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ భయం చాలా ఇళ్లలో ఉంది. దాంతో విలువైన గంటలు పోతున్నాయి. 'ఎలాగో ఉన్నారండీ' అంటే పని జరగదు. ఇలా చెప్పండి: 'సిస్టర్, 12వ బెడ్. సాయంత్రం ఆరింటికి శ్వాస 20 ఉంది, ఇప్పుడు తొమ్మిదిన్నరకు 28. మాట ఆగి ఆగి వస్తోంది. డ్యూటీ డాక్టర్‌ను ఇప్పుడే రమ్మనండి.' టైమూ అంకెలూ ఒక కాగితం మీద రాసి చూపించండి. పావుగంటలో ఎవరూ రాకపోతే నైట్ సూపర్‌వైజర్‌నో, ఆర్‌ఎంఓనో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) అడగండి. ఆ తర్వాత, చేర్చుకున్న పెద్ద డాక్టర్‌కు ఫోన్ చేయించమనండి. మాట్లాడేది మాత్రం ఒక్కరే. పదిమంది చుట్టూ చేరితే డాక్టర్‌కంటే ముందు సెక్యూరిటీ వస్తుంది. చేర్చిన రోజే 'రాత్రి పరిస్థితి మారితే ఎవరిని పిలవాలి?' అని అడిగి పేరు, నంబరు రాసుకోవడం మేలు.

కుటుంబం మాటకు దారి ఉండాలని కొన్నిచోట్ల నిబంధనే పెట్టారు. లండన్‌లో 13 ఏళ్ల మార్తా మిల్స్ 2021లో సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) చనిపోయింది. ముందే ఐసీయూకి మార్చి ఉంటే బతికే అవకాశమే ఎక్కువని విచారణలో తేలింది. 2024 నుంచి ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో అమలవుతున్న 'మార్తాస్ రూల్' ప్రకారం ఇంటివాళ్లే మరో వైద్య బృందాన్ని పిలిపించవచ్చు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇలాంటిదే 'రయాన్స్ రూల్' ఉంది. అక్కడున్న మనవాళ్లు మొహమాటపడకుండా వాడుకోవాలి. మన ఆస్పత్రులన్నిటికీ ఇలాంటిది తప్పనిసరి కావాలని మేం గట్టిగా కోరుతున్నాం.

ప్రశ్న: మా అబ్బాయికి డెంగీ. ఐదో రోజు జ్వరం పోయింది, ప్లేట్‌లెట్లు 70 వేలున్నాయి. కానీ వాంతులు, కడుపునొప్పి, చేతులు చల్లగా ఉన్నాయి. బాగైనట్టేనా?
– ఓ తల్లి, వరంగల్

జవాబు: కాదు. వెంటనే డాక్టర్‌ను పిలవండి. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతి 24 నుంచి 48 గంటలే ప్రమాదకరం. అప్పుడు రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది. అందరూ ప్లేట్‌లెట్ల చుట్టూ తిరుగుతుంటే ఈ కారడం కంటపడదు. బీపీలో రెండు అంకెల మధ్య తేడా చూడండి. 100/80 అని చెబితే 'వంద ఉందిగా' అనుకోవద్దు. తేడా 20కి పడిపోయిందంటే అది షాక్ (ఒంట్లో రక్తప్రసరణ పడిపోవడం) కిందే లెక్క. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 38 నుంచి 46కు పెరిగితే రక్తం చిక్కబడుతున్నట్టు. వేలి గోరు ఐదు సెకన్లు నొక్కి వదిలితే, రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. మూత్రం కొలజాడీలో పట్టండి. 45 కిలోల పిల్లాడికి గంటకు కనీసం 22 మిల్లీలీటర్లు రావాలి. అలాగని సెలైన్ ఎక్కువ పెట్టమని మీరు ఒత్తిడి చేయొద్దు. కారడం ఆగాక ఆ నీరంతా రక్తంలోకి తిరిగొచ్చి ఊపిరితిత్తుల్లో చేరే ప్రమాదం ఉంది.

ప్రశ్న: రాత్రికి రాత్రి హైదరాబాద్ తీసుకెళ్లిపోదామంటున్నారు బంధువులు. వెళ్లొచ్చా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: బీపీ నిలబడకుండా, అవతల బెడ్ ఖాయం కాకుండా బయల్దేరవద్దు. ఇక్కడి డాక్టర్ అక్కడి డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాలి. ఇచ్చిన మందులు, టైములు రాసిన కాగితం మీ చేతిలో ఉండాలి. ఆక్సిజన్ లెక్క మీరే అడగండి. నిండు బి-టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు పెడితే రెండున్నర గంటల్లో అయిపోతుంది. మీ దారి దాదాపు 200 కిలోమీటర్లు, నాలుగు గంటలు. కాబట్టి అంబులెన్స్‌లో కనీసం రెండు నిండు సిలిండర్లు, వీలైతే మూడోది, వాటిని మార్చడం తెలిసిన టెక్నీషియన్ ఉన్నాకే తలుపు వేయించండి.