1795 అమెరికా పది డాలర్ల బంగారు నాణెం ‘ఎమ్మెస్ 62’ అంటున్నారు, మధ్యలో గీతలున్నాయి. కొనొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: 1795 నాటి పది డాలర్ల ఈగిల్ ఒకటి ఎమ్మెస్ 62 (వాడకంలో అరగని నాణేలకిచ్చే 60 నుంచి 70 దాకా గ్రేడుల్లో ఒకటి) అని రాసిన స్లాబ్‌లో, అంటే గ్రేడింగు సంస్థ సీలు చేసిన ప్లాస్టిక్ పెట్టెలో, వేలానికి వస్తోంది. కేటలాగులో ‘అసాధారణ స్థితి’ అని రాశారు. ఫొటోలో చూస్తే ముందువైపు లిబర్టీ (టోపీ పెట్టుకున్న స్త్రీ బొమ్మ) జుట్టు మీద వరసగా గీతలు, వెనకవైపు గద్ద రొమ్ము చదును. నమ్మొచ్చా?

గీతల గురించి ముందు చెబుతాను. అవి గీరుళ్ళు కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఫిలడెల్ఫియా టంకశాలలో ఆ రోజుల్లో ముద్ర వేసేముందు ఒక్కో బిళ్ళనూ తూచేవాళ్ళు. తక్కువ తూగితే మళ్ళీ కరిగించడమే, ఎక్కువ తూగితే ఆకురాయితో రాకి సరిచేసేవాళ్ళు. 1792 చట్టం ప్రకారం ఈగిల్ బరువు 270 గ్రెయిన్లు, అంటే 17.50 గ్రాములు. పాత తులం 180 గ్రెయిన్లు కాబట్టి మన లెక్కలో సరిగ్గా తులంన్నర, అదీ 22 క్యారెట్లది. ముద్ర దెబ్బ పడ్డప్పుడు చదును భాగంలో ఆకురాయి గీతలు చాలావరకు అణిగిపోతాయి. అచ్చు లోతుగా ఉన్నచోటికి లోహం పూర్తిగా ఎక్కకపోతే మాత్రం అవి అలాగే ఉండిపోతాయి. జుట్టు మధ్యలో, గద్ద రొమ్ము మీద, అంచు పళ్ళ మీద ఎక్కువగా కనిపించేది అందుకే.

తేడా పట్టుకోవడానికి 5 నుంచి 7 రెట్ల భూతద్దం చాలు, అంతకు మించితే ప్రతి చుక్కా గొయ్యిలా కనిపించి బుర్ర తిరుగుతుంది. ఆకురాయి గీతలు దాదాపు సమాంతరంగా ఉంటాయి. వాటి ఒడ్డులు మొద్దుబారి ఉంటాయి. గీత లోపల కూడా నాణెం రంగే ఉంటుంది. అక్షరమో నక్షత్రమో అడ్డొస్తే దాని దగ్గర తెగిపోతాయి, ఎందుకంటే అక్షరం తర్వాత లేచింది. ఆ తర్వాత ఎప్పుడో పడ్డ గీరుడు అలా కాదు. చదును మీద మొదలై అక్షరం మీదుగా ఎక్కి దిగుతుంది, పక్కన సన్నటి లోహపు గట్టు లేస్తుంది, లోపల కొత్తగా మెరుస్తుంది. ఆకురాయి గీతలు టంకశాలలో పడ్డవే కాబట్టి గ్రేడింగు సంస్థలు వాటిని డ్యామేజీగా లెక్కకట్టవు. ధర మాత్రం తగ్గుతుంది. అంచు మీదుంటే నేను పట్టించుకోను. ముఖానికి అడ్డంగా ఉంటే మాత్రం బేరం ఆడాల్సిందే, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడూ అదే చేస్తాడు.

గద్ద రొమ్ము చదునుగా ఉండటం ఈ డిజైనులో మామూలే. జుట్టూ రొమ్మూ రెండూ మధ్య భాగంలోనే ఎత్తుగా ఉంటాయి, రెండు అచ్చులకూ ఒకేసారి లోహం చాలదు. ముద్ర సరిగా పడకపోవడమా, అరుగుదలా అన్నది రంగు చెబుతుంది. ముద్ర పడని చోట చదునుగా ఉన్నా లస్టర్ (టంకశాల మెరుపు) చుట్టుపక్కల వాటితో కలిసిపోతుంది. అరిగిన చోట మెరుపు తెగి, మచ్చలా మసకబారుతుంది. నుదుటి పైన జుట్టు, టోపీ మడతలు, రెక్కల పై అంచులు చూడండి. ఈ మూడు చోట్లా మసక ఉంటే స్లాబ్ మీద ఏమున్నా నా లెక్కలో అది ఏయూ 58, అంటే కాస్త అరిగిన, ఎమ్మెస్ కంటే కింది గ్రేడు.

అసలు చూడాల్సింది ఇవేవీ కాదు. పాత అమెరికా బంగారంలో ఎక్కువ నాణేలను ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తుడిచారు. ముట్టుకోనిది దొరకడమే అరుదు. గదిలో మిగతా దీపాలార్పి, ఒక్క బల్బు కింద స్లాబును నెమ్మదిగా తిప్పండి. అసలు చర్మం, అంటే ఎవరూ తుడవని పైపొర, ఉన్న నాణెంలో మెరుపు తిరుగలి తిరిగినట్టు ముఖం చుట్టూ తెగకుండా తిరుగుతుంది, రంగు కాస్త నారింజ, కొన్నిసార్లు కొంచెం ఆకుపచ్చ ఛాయ కొడుతుంది. తుడిచినదాంట్లో ఏదో ఒక కోణంలో వెంట్రుకల్లాంటి గీతలు ఒకే దిక్కుగా చదును నిండా ఒక్కసారి లేచి, మరుక్షణం మాయమవుతాయి. అక్షరాల సందుల్లో బట్ట దూరదు కాబట్టి అక్కడ పాత రంగు, బయట లేత పసుపు ఉంటుంది. ఆ రెండు రంగుల మధ్య గీటు కనిపించిందంటే తుడిచారన్నమాటే. 1795 నాణేల్లో కొన్నింటికి చదును అద్దంలా ఉంటుంది, అచ్చుకు మెరుగు పెట్టినందువల్ల వచ్చింది అది. అలాంటి అద్దపు ముఖం మీద ఈ వెంట్రుక గీతలు (హెయిర్‌లైన్లు) మరీ కొట్టొచ్చినట్టు కనబడతాయి, కంగారు పడొద్దు, లెక్క మాత్రం వేసుకోండి.

గీతల్ని దాచడానికి పైన ఏదో పూత రాసేవాళ్ళూ ఉన్నారు. కొత్తలో తెలియదు, కొన్నాళ్ళకు పాలపొరలా తెల్లబారుతుంది. నున్నగా, మబ్బుగా ఉన్న బుగ్గ పక్కనే సహజంగా చిన్న దెబ్బలున్న మెడ కనిపిస్తే అనుమానించండి.

గొలుసుకు వేలాడదీసిన నాణేలు మరో బెడద. ఉంగరం అతికిన చోటు ఎక్కువగా టోపీ పైన అంచు దగ్గరే ఉంటుంది. అక్కడ అంచు పళ్ళు మిగతావాటికంటే మొద్దుగా ఉన్నా, అంచు గీతల వరస తెగినా వదిలేయండి.

గ్రేడు కంటే ముందు నాణెం అసలుదో కాదో తేలాలి. స్లాబ్ నంబరును ఆ సంస్థ సైటులో కొట్టి, అక్కడి ఫొటోలో ఉన్న ఒక్కో మచ్చనూ చేతిలో ఉన్నదానితో పోల్చండి. నకిలీ స్లాబుకు అసలు నంబరు వేయడం పాత ఎత్తే. స్లాబులో లేనిదైతే తూచండి: 17.50 గ్రాములకు బాగా తక్కువుంటే, అదీ అరగని నాణెమైతే, ప్రశ్నించాల్సిందే. వ్యాసం సుమారు 33 మిల్లీమీటర్లు. కాలర్ (ముద్ర వేసేటప్పుడు అంచును పట్టి ఉంచే కడియం) లేకుండా ముద్రించారు గనుక కొంచెం అటూ ఇటూ ఉండటం సహజం. 1795 దానికి నక్షత్రాలు 15, ఎడమన 10, కుడిన 5. నాణెం మీద ఎక్కడా పది డాలర్లని రాసి ఉండదు, రాసి ఉంటే నకిలీ. సరైన బంగారంతోనే చేసిన నకిలీలున్నాయి, కాబట్టి బరువూ సాంద్రతా సరిపోయినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. గద్ద కాళ్ళ కింది కొమ్మకు ఆకులు లెక్కపెట్టండి. మామూలుగా 13 ఉంటాయి. 9 ఉంటే అది వేరే, చాలా అరుదైన రకం, ధర కూడా వేరే లోకంలో ఉంటుంది.

ఆ ఏడాదికి లెక్కల్లో ఉన్న ముద్రణ 5,583. మిగిలినవి తక్కువ కావడానికి అరుగుదల ఒక్కటే కారణం కాదు. అమెరికా చట్టంలో బంగారానికీ వెండికీ 15కు 1 నిష్పత్తి పెట్టారు, ఐరోపాలో బంగారం అంతకంటే ప్రియం. ఓడలెక్కి పోయి కరిగింది. 1804 తర్వాత 1838 దాకా ఈగిల్స్ ముద్రణే ఆపేశారు. 1834లో బరువు తగ్గించాక పాత ఈగిల్‌లోని బంగారం కొత్త లెక్కన దాదాపు 10 డాలర్ల 67 సెంట్లకు తూగింది, ఉంచుకునేవాడెవడు?

వేలం సంస్థల పాత రికార్డులు ఉచితంగానే చూడొచ్చు. మచ్చల్ని బట్టి మీ నాణెం ఇంతకుముందు ఎక్కడ, ఏ గ్రేడులో అమ్ముడైందో వెతకండి. అప్పట్లో ఏయూ 58గా ఉన్నది ఇప్పుడు 61, 62 అయి తిరగడం ఈ వరసలో చాలా మామూలు. సీఏసీ (స్లాబు మీది గ్రేడు సరైనదేనా అని మళ్ళీ చూసే సంస్థ) ఆకుపచ్చ స్టిక్కరుంటే ధర ఎక్కువైనా నయం. లేకపోతే ఎందుకు లేదో అమ్మేవాణ్ణి అడగండి, పంపించి తిరిగొచ్చిందేమో తెలుస్తుంది. నన్నడిగితే తుడిచిన ఎమ్మెస్ 61 కంటే చర్మం చెడని ఏయూ 55 కొనమంటాను. సుత్తి ధర (వేలంలో పలికిన చివరి పాట) మీద వేలం సంస్థకు అదనంగా కట్టే కొనుగోలుదారు ప్రీమియం సుమారు 20 శాతం ఉంటుంది. ముందే తీసేసి మీ పరిమితి పెట్టుకోండి.

కొన్నాక స్లాబు పగలగొట్టొద్దు. కుంకుడు రసం, టూత్‌పేస్టు, నగల దుకాణంలో గీటురాయి, ఇవేవీ దాని దరిదాపులకు రానివ్వొద్దు. అమెరికాలో ఉండి ఇండియాకు తీసుకొద్దామనుకుంటే కస్టమ్స్‌లో నగలకిచ్చే సుంకం మినహాయింపు నాణేలకు రాదు. పైగా వందేళ్ళు దాటిన నాణెం మన 1972 పురావస్తు చట్టం కిందకు వస్తుంది, తిరిగి బయటకు పంపడం పెద్ద తలనొప్పి. అమ్మే మార్కెట్టు అక్కడే కాబట్టి అక్కడే లాకర్లో పెట్టి, వేరుగా ఇన్సూరెన్సు తీసుకోండి. బ్యాంకు లాకర్లో ఉన్నవాటికి అమెరికా బ్యాంకు డిపాజిట్లకిచ్చే ఎఫ్‌డీఐసీ బీమా వర్తించదు.