విజయవాడలో బడి భోజనానికి సరుకులిచ్చేవాళ్లకు ఎందుకు గిట్టుబాటు కాదు?

అసలు చిక్కు ధర దగ్గరే ఉంది. 2025 మే నుంచి పీఎం పోషణ్ (బడుల్లో మధ్యాహ్న భోజనం) పథకంలో సరుకుల ఖర్చుకు ఇచ్చేది ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 6.78 రూపాయలు, 6 నుంచి 8 తరగతులకు 10.17 రూపాయలు. బియ్యం విడిగా వస్తుంది. అంటే 60 మంది ఉన్న చిన్న ప్రాథమిక బడికి రోజుకు దాదాపు 407 రూపాయలు. అందులోనే 1.2 కిలోల పప్పు, 3 కిలోల కూరగాయలు, నూనె, పోపు, గ్యాస్ అన్నీ సర్దాలి. టమాటా ధర పెరిగినా ఈ రేటు ఆ వారమే పెరగదు కదా!

పైగా బిల్లు ఆలస్యమైతే వంట చేసే అక్కలు కిరాణా కొట్లో అప్పు పెడతారు. ఆ భారం చివరికి కొట్టువాళ్ల మీదే పడుతుంది.

గుడ్లది వేరే టెన్షన్. విజయవాడ గుడ్డు రేటు రోజూ మారుతుంది, చలికాలంలో సాధారణంగా పెరుగుతుంది. ఏప్రిల్ ఎండల్లోనేమో నిల్వ ఉంచితే పాడవుతాయి. అందుకే తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు తెచ్చివ్వాలి. రవాణా ఖర్చు పెరుగుతుంది. సెలవులు, హాజరు తగ్గడం సరేసరి.

నా దృష్టిలో ముందు సరిచేయాల్సింది బిల్లుల ఆలస్యమే. పిల్లల పళ్లెంలో పప్పు పలచబడేది అక్కడే.