గడ్డం కింద చీము పుండు... దూడ నుంచి అంటిందా?

ప్రశ్న: నా వయసు 36. మాకు రెండు ఆవులు, ఒక లేగదూడ ఉన్నాయి. నెల కిందట గడ్డం కింద, ముంజేతి మీద ఎర్రటి గుండ్రని మచ్చలు వచ్చాయి. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంటు రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగాయి. గడ్డం దగ్గరిది ఉబ్బి చీము కారుతోంది. యాంటీబయోటిక్ మాత్రలకూ లొంగలేదు. ఇది ఏం జబ్బు?

జవాబు: దూడ సంగతి రాసి మంచి పని చేశారు. చాలామంది ఆ మాట డాక్టరుకు చెప్పరు. దాని కళ్ల చుట్టూ, చెవుల మీద, మెడ మీద వెంట్రుకలు ఊడి బూడిదరంగు పక్కులు కట్టాయేమో చూడండి. కడితే మీది పశువుల తామర అని గట్టిగా అనుమానించాలి. దీనికి ఎక్కువగా కారణమయ్యే ఫంగస్ ట్రైకోఫైటాన్ వెరుకోసమ్. ఇది పశువుల ఒంటికి అలవాటు పడినది. మన చర్మం దాన్ని తీవ్రంగా ఎదిరిస్తుంది కనుక మామూలు తామరలా పొడిగా ఉండక వాచి, చీము పడుతుంది. సెగగడ్డ అనుకుని దయచేసి కోయించుకోకండి.

చర్మవైద్యుల దగ్గర మచ్చ అంచు నుంచి పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు. ఫంగస్ పోగులు ఉంటే సాధారణంగా ఆ రోజే తెలుస్తుంది. గడ్డం దగ్గర మాత్రం చీము ఒక్కటే పంపితే చాలదు, తేలిగ్గా ఊడివచ్చే వెంట్రుకలు కూడా ఇవ్వాలి. ఫంగస్ ఉండేది వాటి కుదుళ్లలో. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు పరీక్షలో ఏమీ కనబడకపోయినా జబ్బు లేదని తేల్చకూడదు. కల్చర్‌కు, అంటే ల్యాబులో ఫంగస్‌ను పెంచి చూసే పరీక్షకు పంపితే, పశువుల సంగతి ల్యాబుకూ చెప్పించండి. ఈ ఫంగస్ చాలా నెమ్మదిగా, థయామిన్ (విటమిన్ బి1) కలిపిన పోషక పదార్థంలో, 37 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. ఫలితానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా చికిత్స ఆపనక్కరలేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ ఆయింట్‌మెంటు. ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథసోన్ వంటి పేర్లుంటే అది స్టెరాయిడ్. ఎరుపును అణచి, ఫంగస్‌ను లోపల పెరగనిస్తుంది, మచ్చ రూపాన్నీ మార్చేస్తుంది. ఈ రోజే మానేసి, ఆ ట్యూబు డాక్టరుకు చూపించండి.

గడ్డం కుదుళ్లకు పైపూత చేరదు. కొన్ని వారాలు ఫంగస్ మాత్రలు అవసరమవుతాయి. మీ కాలేయం పరిస్థితి, వాడుతున్న ఇతర మందులు చూసి డాక్టరే నిర్ణయిస్తారు. జ్వరం వచ్చినా, ఎరుపు వేగంగా పాకినా ఆగకుండా వెళ్లండి.

దూడను పశువైద్యుడికి చూపించండి. పక్కుల్లోని ఫంగస్ బీజాలు కొట్టం గుంజల మీద, పలుపుతాళ్ల మీద నెలల తరబడి బతికి ఉంటాయి. పిల్లలు దూడతో ఆడుకుంటుంటే వాళ్ల తలలు కూడా చూడండి. జుట్టు ఊడిన మచ్చ కనిపిస్తే మీతో పాటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.