నేవీలో చేరాలనుకునే అబ్బాయి బడికి ఫోను తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో సముద్రపొడ్డున ఉన్న ఊరు. మా ఆయన గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పనిచేస్తారు. ఆగస్టులో వెళ్తే మళ్లీ వేసవికే రాక. బోటు వేటలో ఉన్నన్నాళ్లూ ఫోను కలవదు, ఒడ్డుకు చేరిన రోజున ఏ వేళలోనైనా చేస్తారు. మా అబ్బాయి పదో తరగతి. నాన్న ఫోను వస్తుందని, ఆన్‌లైన్ పాఠాలు కూడా చూసుకోవచ్చని సెల్లు బడికి పట్టుకెళ్తే హెడ్మాస్టారు తీసుకుని తన దగ్గర పెట్టుకున్నారు. వాడికి నేవీలో చేరాలని ఉంది. పిల్లలను బడికి ఫోను తెచ్చుకోనివ్వమని మేము అడగడం తప్పా? నాకు చదువు రాదు, ఇది వాడి చేతే రాయిస్తున్నాను.

జవాబు: అమ్మా, అడగడంలో తప్పు లేదు. కానీ మీ అబ్బాయి బడిలో ఫోను దగ్గర ఉంచుకోవాలన్న కోరికను మాత్రం నేను సమర్థించలేను. ఉత్తరం రాసింది అతడే కాబట్టి జవాబు చదివి మీకు వినిపించేదీ అతడే అవుతాడు. కనుక కొన్ని మాటలు అతణ్ణి ఉద్దేశించే రాస్తున్నాను.

ముందుగా హెడ్మాస్టారి సంగతి. ఆయన చేసింది సొంత పట్టుదల కొద్దీ చేసిన పని కాదు. విద్యార్థులు బడికి సెల్ ఫోన్లు తీసుకురాకూడదని, ఉపాధ్యాయులు సైతం తరగతికి వెళ్లే ముందు తమ ఫోన్లను ప్రధానోపాధ్యాయుని వద్ద ఉంచాలని మన రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ 2023 ఆగస్టులోనే ఆదేశించింది. అయితే మీలాంటి తల్లిదండ్రుల ఆందోళనను న్యాయస్థానాలు తేలిగ్గా తీసుకోలేదన్నది కూడా చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు, భద్రత కోసం, ఇంటివారితో మాట్లాడుకోవడం కోసం ఫోను అవసరపడుతుందని గుర్తించి, బడికి ఫోను తేవడాన్నే పూర్తిగా నిషేధించనక్కరలేదని, తరగతిలో వాడకుండా, వీలున్నచోట బడిలోనే భద్రపరిచే ఏర్పాటు చేసి నియంత్రిస్తే చాలునని చెప్పింది. ఆ తీర్పు మన బడులకు వర్తించేది కాకపోయినా, పిల్లవాడికి కబురు అందే దారి ఉండాలి, ఆ దారి పిల్లవాడి జేబులో ఉండకూడదు అన్న ఆలోచన మాత్రం మీకు సరిగ్గా సరిపోతుంది.

ఇక తండ్రి ఫోను మాట. వేరావల్ నుంచి వేటకు వెళ్లిన మన జిల్లాల మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుపోయి, వారిలో అత్యధికులను 2020 జనవరిలో గానీ వాఘా సరిహద్దులో విడిచిపెట్టలేదు. ఆ పద్నాలుగు నెలలను చూసిన తీరంలో తండ్రి గొంతు వినాలన్న పిల్లవాడి ఆత్రాన్ని ఫోను పిచ్చి అని కొట్టిపారేయడం అన్యాయం. అయినా ఆ కాల్ ఏ రోజు వస్తుందో, ఏ వేళకు వస్తుందో తెలియదని మీరే రాశారు. అలాంటప్పుడు జేబులో ఫోను పెట్టుకున్న పిల్లవాడు కాల్ వచ్చిన ఆ ఒక్క రోజే కాక, రాని ముప్పై రోజులూ దాని కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటాడు. లెక్కల మాస్టారు త్రికోణమితి చెబుతుంటే చెవి జేబు మీద ఉంటుంది. ఒకసారి ధ్యాస చెదిరితే తిరిగి చదువులో కుదురుకోవడానికి ఇరవై నిమిషాల దాకా పట్టవచ్చని 2023లో వచ్చిన యునెస్కో నివేదిక పేర్కొన్నది. మన బడిలో పీరియడ్ నిడివితో పోల్చి చూస్తే దాదాపు సగం పాఠం పోయినట్టే.

అందువల్ల ఫోను మీ దగ్గరే ఉండనివ్వండి. బోటు హార్బరుకు చేరగానే మీ ఆయన అబ్బాయి కోసం వాట్సాప్‌లో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాలి, సాయంత్రం బడి వదిలాక అబ్బాయి తిరిగి ఫోను చేయాలి. బోటు ఒడ్డున ఉన్నన్ని రోజులూ రాత్రి ఒక వేళ అనుకుని మాట్లాడుకుంటే మరీ మంచిది. నిజంగా అత్యవసరమైతే కబురు చెప్పడానికి హెడ్మాస్టారి నంబరు అడిగి తీసుకోండి. తండ్రి వలస పనిలో ఉన్నారని, అందుకే పిల్లవాడు ఫోను తెచ్చాడని మీరు స్వయంగా వెళ్లి చెబితే, నాకు తెలిసినంతలో ఏ హెడ్మాస్టారూ కాదనరు. పిల్లలు ఇలాంటి కారణాలు తమంతట తాము చెప్పుకోరు. మాస్టారికి కనిపించేది ఫోను ఒక్కటే.

బడిలో ఫోను లేకపోతే మార్కులు పెరుగుతాయా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఇంగ్లండ్‌లోని నాలుగు నగరాల బడులను పరిశీలించి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ 2015లో వెలువరించిన అధ్యయనంలో, నిషేధం తరువాత చదువులో వెనుకబడిన పిల్లల మార్కులే బాగా పెరిగాయని, ముందువరుస పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదని తేలింది. దీన్నిబట్టి నాకు తోచేదేమిటంటే, ఇంట్లో ట్యూషను గానీ పక్కన కూర్చోబెట్టి చదివించే చదువుకున్న పెద్దలు గానీ లేని పిల్లలకు బడిలో వినే పాఠమే ఆధారం కనుక, అది చెడితే వారికే ఎక్కువ నష్టం. మరోవైపు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ప్రచురించిన అధ్యయనంలో, ఫోను నిషేధించిన బడుల పిల్లలకూ నిషేధించని బడుల పిల్లలకూ మానసిక క్షేమంలో తేడా కనిపించలేదు. రోజు మొత్తం మీద ఎన్ని గంటలు ఫోను చూస్తున్నారన్నదానితోనే చెడు ముడిపడి ఉంది. అంటే బడి గేటు దగ్గర ఆపిన ఫోనును ఇంటికొచ్చాక అర్ధరాత్రి దాకా రీల్స్ చూడటానికి ఇచ్చేస్తే మనం సాధించేది ఏమీ ఉండదు. ఈ భాగం హెడ్మాస్టారి చేతిలో లేదు, మీ చేతిలో ఉంది.

ఆన్‌లైన్ పాఠాలు మంచివే. ప్రభుత్వ బడి పాఠాల యాప్ అయిన దీక్షాలో పదో తరగతి పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. బడిలో అర్థం కాని పాఠాన్ని సాయంత్రం మీ ఎదుట కూర్చుని ముప్పావు గంటో గంటో చూసి, ఫోను పక్కన పెట్టి ఆ లెక్కను కాగితం మీద తానే చేయాలి. పది పరీక్షలో ప్రధాన సబ్జెక్టులకు మూడు గంటల పదిహేను నిమిషాలు కలం పట్టుకుని కూర్చోవాలి. ఆ ఓపిక ఫోనులో పాఠాలు చూడటం వల్ల రాదు. నేవీ ప్రవేశ పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది కాబట్టి ఫోను అలవాటు పనికొస్తుందని అబ్బాయి వాదించవచ్చు. ఆ పరీక్షకు కావలసింది మౌస్ పట్టుకోవడం, తెర మీద పెద్ద ప్రశ్నను ఓపికగా చదవడం. అవి బడిలోని కంప్యూటర్ మీద వారానికి రెండు రోజులు కూర్చుంటే వస్తాయి.

అబ్బాయీ, ఇప్పుడు నీతో ఒక మాట. నువ్వు చేరాలనుకుంటున్న నౌకాదళమే 2019 డిసెంబరులో తన స్థావరాలలోనూ ఓడల మీదా స్మార్ట్ ఫోన్లను నిషేధించింది. సోషల్ మీడియా పరిచయాలతో వలలో పడి రహస్యాలు బయటపెట్టారన్న ఆరోపణపై విశాఖపట్నంతో సహా కొన్నిచోట్ల నావికులు అరెస్టయిన తరువాత తీసుకున్న నిర్ణయమది. రైలింజను నడిపే లోకో పైలట్ కూడా డ్యూటీలో ఫోను స్విచ్ ఆఫ్ చేసి ఉంచాల్సిందే. ఫోను గేటు దగ్గర అప్పగించి ఎనిమిది గంటలు పని మీద ధ్యాస నిలపగలవాడే ఆ ఉద్యోగాలకు కావాలి. నీ బడిలోనూ ఇప్పుడు అదే నియమం ఉంది.

నేవీకి దారులు క్లుప్తంగా చెబుతాను. పది పాసైనవారికి అగ్నివీర్ ఎంఆర్ (మెట్రిక్ రిక్రూట్), ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివినవారికి అగ్నివీర్ ఎస్‌ఎస్‌ఆర్ (సీనియర్ సెకండరీ రిక్రూట్) అనే నావికుల నియామకాలు ఉన్నాయి. రెండింటికీ పదిహేడున్నర ఏళ్లు నిండాలి కనుక పది అవగానే చేరడం ఎలాగూ కుదరదు; ఆ రెండేళ్లు ఖాళీగా ఉండకుండా ఇంటర్ ఎంపీసీ చదవమనే నా సలహా. పైగా అగ్నివీరులను తీసుకునేది నాలుగేళ్లకు, ఆ తరువాత శాశ్వతంగా ఉంచుకునేది పాతిక శాతం వరకే. మిగిలినవారికి చేతిలోని చదువే దిక్కు. ఎంపీసీలో బాగా రాణించి ఇంజనీరింగ్ జాతీయ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌లో ర్యాంకు తెచ్చుకుంటే, కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీలో బీటెక్ చదివి అధికారిగా చేరే అవకాశమూ ఉంది. అగ్నివీర్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది కాబట్టి ఫోనుకు కేటాయించిన ఆ గంటలో పావుగంట ఇంగ్లీషు వినడానికి వాడితే అది నిజమైన లాభం. వైద్య పరీక్షలో కంటిచూపు ప్రమాణాలు గట్టిగా ఉంటాయి. చిన్న తెరను దగ్గరగా పెట్టుకుని చీకట్లో చూసే అలవాటు ఇప్పుడే మానుకో.

అమ్మా, చివరగా మీరు చేయవలసిన పని ఒకటుంది. ఇంటర్ ప్రవేశానికైనా, నేవీ దరఖాస్తుకైనా, స్కాలర్‌షిప్పుకైనా ఓటీపీ వచ్చేది దరఖాస్తులో ఇచ్చిన నంబరుకే. వలస వెళ్లిన తండ్రి నంబరు ఇచ్చి, బోటు సముద్రంలో ఉన్న రోజున ఓటీపీ అందక గడువు దాటిపోయిన పిల్లలను నేను చూశాను. అబ్బాయి ఆధార్‌కు ఏ నంబరు జతయి ఉందో ఈ వారమే చూసుకోండి. అది మీ ఆయనదైతే ఆధార్ కేంద్రానికి వెళ్లి మీ నంబరుకు మార్పించండి, ఆ సిమ్‌కు రీఛార్జి ఆగిపోకుండా చూసుకోండి.