డ్రై సూట్ కొనివ్వాలా, కమర్షియల్ డైవింగ్‌కి పంపాలా?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మాయి ఏయూలో ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ చదువుతోంది. అండమాన్‌లో స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని చేసే డైవింగ్) ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్ కోర్సులు రెండూ చేసింది. స్కాట్లాండ్‌లోనో నార్వేలోనో పీహెచ్‌డీ చేయాలని పట్టుదల. అక్కడ డ్రై సూట్, అంటే ఒంటికి నీరు తగలనివ్వని డైవింగ్ సూట్, వాడిన అనుభవం అడుగుతారట. సెకండ్ హ్యాండ్ సూట్ కొనుక్కుని రుషికొండ ఒడ్డు నుంచే డైవ్‌లు చేసి ఆ అనుభవం సంపాదిస్తానంటోంది. లక్ష దాకా అవుతుంది. తెలిసినవాళ్లేమో అప్పు చేసైనా కమర్షియల్ డైవింగ్ కోర్సులో చేర్చు, జీతం లక్షల్లో ఉంటుంది అంటున్నారు. ఇంట్లో బీఈడీ మేలంటున్నారు. మూడూ పోల్చి చెప్పండి. పెద్దబ్బాయి మర్చంట్ నేవీలో ఉన్నాడు.

జవాబు: ముందు సూట్ సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు కొనకండి. అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు, స్కాట్లాండ్ తీరంలో నీళ్లు చలికాలంలో 6, 7 డిగ్రీలు ఉంటాయి, ఎండాకాలంలో కూడా 13, 14 దాటడం కష్టం. నీరు ఒంట్లో వేడిని గాలి కంటే పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది కాబట్టి అక్కడ పనిచేసేవాళ్లకి డ్రై సూట్ తప్పదు. కానీ మన విశాఖ సముద్రం ఏడాదిలో ఎక్కువ కాలం 25 నుంచి 30 డిగ్రీలుంటుంది. ఈ ఉక్కపోతలో, రుషికొండ ఇసుకలో, మెడ దాకా మూసుకున్న సూట్ వేసుకుని సిలిండర్ మోసుకుంటూ నీళ్ల దాకా నడిచేసరికే మనిషి చెమటతో తడిసిపోయి నీరసపడుతుంది. డైవ్‌కి ముందు ఒంట్లో నీరు పోగొట్టుకోవడం అసలు మంచిది కాదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఆ సూట్ వేసుకోవడమంటే ఒంటి చుట్టూ గాలి సంచి కట్టుకుని నీళ్లలో దిగినట్టే. మెడ దగ్గర, మణికట్ల దగ్గర బిగుతైన సీల్స్ నీటిని ఆపుతాయి, లోపల గాలి ఉంటుంది. కిందికి వెళ్తుంటే ఆ గాలి కుంచించుకుపోయి సూట్ ఒంటిని పిండేస్తుంది, అందుకని ఛాతీ మీదున్న బటన్ నొక్కి సిలిండర్ నుంచి కొంచెం కొంచెంగా గాలి ఎక్కించుకోవాలి. పైకి వస్తుంటే అదే గాలి ఉబ్బుతుంది, ఎడమ భుజం దగ్గరున్న వాల్వ్‌లోంచి వదిలేయాలి. ఎప్పుడైనా తల కిందికి, కాళ్లు పైకి అయితే గాలంతా పాదాల్లోకి చేరుతుంది, వాల్వ్ భుజం దగ్గరుంది కాబట్టి బయటికి పోయే దారి ఉండదు, మనిషి కాళ్లు ముందుగా పైకి తేలిపోవడం మొదలవుతుంది. అప్పుడు మోకాళ్లు ముడుచుకుని ఒక్క దొర్లు దొర్లి నిటారుగా వచ్చి గాలి వదలాలి. ఇది వీడియో చూస్తే వచ్చేది కాదు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా పూల్‌లో పదే పదే చేస్తేనే వస్తుంది.

ఒడ్డు దగ్గరే కదా, లోతు తక్కువే కదా అని అమ్మాయి మిమ్మల్ని ఒప్పించి ఉంటుంది. సరిగ్గా అక్కడే జాగ్రత్త కావాలి. పైనుంచి 10 మీటర్ల లోతుకి వెళ్లేసరికి ఒత్తిడి రెట్టింపై గాలి సగానికి తగ్గిపోతుంది, అదే 30 నుంచి 40 మీటర్లకి వెళ్తే తగ్గేది ఐదో వంతే. అంటే సూట్‌లో గాలి ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పైపై నీళ్లలోనే, అలల్లో ఊగుతూ ఉన్నప్పుడే. పైగా అక్కడి చలికి లోపల మందపాటి బట్టలు వేస్తారు, వాటిలో గాలి ఎక్కువ నిలుస్తుంది కాబట్టి నడుముకి కట్టుకునే సీసం కూడా పెంచాలి. ఇక్కడ పలచటి టీషర్టు మీద సరిపోయిన బరువు అక్కడ సరిపోదు, చాలా మటుకు మళ్లీ మొదటికొస్తుంది. స్కూబా శిక్షణ సంస్థ పాడీ ఇచ్చే డ్రై సూట్ కోర్సు చూస్తే ఒక పూల్ సెషన్, రెండు ఓపెన్ వాటర్ డైవ్‌లు, అంతే. పీహెచ్‌డీలో చేరిన తర్వాత అక్కడి చల్లటి నీళ్లలో, అద్దె సూట్‌తో, అక్కడివాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు.

ఇక ఒడ్డు నుంచి డైవింగ్ మాత్రం ఆపకండి, లోపలికి నీరు చేరే మామూలు వెట్ సూట్‌తోనే చేయనివ్వండి. మన తీరంలో అలల మధ్య నుంచి లోపలికి వెళ్లి, మళ్లీ క్షేమంగా ఒడ్డుకి రావడం నేర్చుకున్న పిల్ల ఎక్కడైనా పనికొస్తుంది. దిగే ముందు కాసేపు నిలబడి అలల వరుస చూడాలి, సిలిండర్ గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లోనే ఉండాలి, మాస్క్‌ని చేత్తో పట్టుకోవాలి, వలలు తగిలితే కోసుకోవడానికి కత్తి ఉండాలి, తిరగాలనిపించిన రోజు ఏ మొహమాటం లేకుండా వెనక్కి తిరగాలి. వర్షాకాలంలోనూ, అక్టోబర్, నవంబర్ తుఫాన్ల రోజుల్లోనూ దిగకూడదు, ఒంటరిగా ఎప్పుడూ దిగకూడదు. ఆ ప్రాంతపు జాలరులని అడిగి దిగితే ఇంకా మంచిది, ఏ మూల నీరు లాగుతుందో వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. యూరప్‌లో సైంటిఫిక్ డైవర్ గుర్తింపుకి 70 డైవ్‌లు, దాని పై స్థాయికి 100 డైవ్‌లు కావాలి. వాటిలో కొన్ని పరిశోధన పని చేస్తూ చేసినవై ఉండాలి. ఆ డైవ్‌లు రాసుకునే లాగ్‌బుక్ ఇప్పట్నుంచే నింపుకోవచ్చు, ఎక్కువ భాగానికి డ్రై సూట్ అక్కర్లేదు.

కమర్షియల్ డైవింగ్ మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచను. 2025 జులైలో మన షిప్‌యార్డ్‌లో కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ ఇక్కడే నేవీలో చేరింది. లోతైన సముద్రంలో డైవర్లతో పని చేయించే ఓడ అది. అప్పట్నుంచీ డైవింగ్ కోర్సుల గురించి అడిగే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. ఆ ఓడ మీది డైవర్లు నేవీ వాళ్లు, కొచ్చిలోని నేవీ డైవింగ్ స్కూల్ దారి వేరు, ఫీజు కట్టి చేరే కోర్సు దారి వేరు. కమర్షియల్ డైవర్ అంటే పై నుంచి గొట్టంతో గాలి తీసుకుంటూ, హెల్మెట్ పెట్టుకుని, కళ్లకి ఏమీ కనబడని నీళ్లలో వెల్డింగ్, కటింగ్, పైపుల తనిఖీ చేసే మనిషి. అది గౌరవమైన పని, కష్టమైన పని, ఇష్టపడి వెళ్లేవాళ్లు వెళ్లాలి. కానీ స్కూబా కార్డు అక్కడ లెక్కలోకి రాదు, ఆ సర్టిఫికెట్ ఇమ్కా (సముద్రపు పనుల కాంట్రాక్టర్ల అంతర్జాతీయ సంఘం) గుర్తించినదా కాదా అన్నది చూడకుండా అప్పు చేస్తే తర్వాత బాధపడేది మీరే. పని కాంట్రాక్టుల మీద నడుస్తుంది, నెల నెలా జీతం అనుకోకండి. పగడాలు, చేపల మీద పరిశోధన చేస్తానంటున్న పిల్లని వెల్డింగ్‌కి పంపాలనుకోవడం ఎవరి కోసం? జీతం అంకె విని ఆమె చదువుతున్నది మర్చిపోయారు.

ఇంకోటి, కొంచెం గట్టిగానే అంటున్నాను, ఏమనుకోకండి. పెద్దబ్బాయిని నెలల తరబడి ఓడ మీదికి పంపినప్పుడు వాడికి ఈదడం వచ్చా అని అడిగారా? అబ్బాయి సముద్రం మీదికి వెళ్తే ఉద్యోగం, అమ్మాయి సముద్రంలోకి దిగితే గండం అనుకోవడం న్యాయం కాదు. మీరు పోల్చమన్నవి మూడు కోర్సులు, మీ మనసులో తిరుగుతున్నది మాత్రం పిల్ల ఇంటికి తిరిగొస్తుందా అన్న ప్రశ్న. ఆర్కే బీచ్‌లో అలలకి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు చదువుతూ బతికే ఊరు మనది, ఆ టెన్షన్ సహజం. దానికి విరుగుడు బీఈడీ కాదు. ఆ పోయినవాళ్లలో చాలామంది ఏ శిక్షణా లేకుండా దిగినవాళ్లు. మీ అమ్మాయి నేర్చుకుని, తోడుతో, లెక్క చూసుకుని దిగుతోంది. ఆమెకి నేర్పే మనిషిని ఒకసారి మీరే వెళ్లి కలవండి, ఎమర్జెన్సీలో ఆక్సిజన్ కిట్ ఉందా, డైవర్‌ని మళ్లీ ఒత్తిడిలో ఉంచి చికిత్స చేసే రీకంప్రెషన్ చాంబర్ దగ్గర్లో ఎక్కడుంది, అలలు పెద్దవైతే డైవ్ రద్దు చేస్తారా అని అడగండి. జవాబులు తడబడితే ఆ సెంటర్ మాన్పించండి, డైవింగ్ మాన్పించకండి.

చదువు సంగతికి భయపడాల్సిందేమీ లేదు. ఇక్కడే ఎన్ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రం ఉంది, అండమాన్‌లో పగడపు దిబ్బల సర్వేలకి జూలాజికల్ సర్వేవాళ్లు నీళ్లలోకి దిగుతారు, అక్కడా డ్రై సూట్ అవసరం లేదు. పీహెచ్‌డీకి అప్లై చేసేటప్పుడు డైవింగ్ శిక్షణ ఎవరు ఇస్తారో గైడ్‌ని ఈమెయిల్‌లో ముందే అడగమనండి.

ఆ లక్షలో కొంత తీసి ఈ నెలలోనే డైవింగ్ మెడికల్ చేయించండి, చెవులు, ఊపిరితిత్తులు డాక్టర్ చూడాలి. ఆ తర్వాత ఆపదలో ఉన్న డైవర్లని కాపాడడం నేర్పే రెస్క్యూ డైవర్ కోర్సుకి కట్టండి. మిగిలింది ఆమె పేరు మీద బ్యాంకులో వేయండి, స్కాట్లాండ్ సీటు వచ్చాక సూట్‌కి పనికొస్తుంది. బీఈడీ గురించి ఆమె అడిగినప్పుడు మాట్లాడదాం.