డాలస్ వెళ్తున్నాం, మా వాడికి మంచి స్కూల్లో సీటు ఎలా?

ప్రశ్న: మేము హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. మా వారికి కంపెనీ తరఫున డాలస్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది, జూన్‌లో అందరం వెళ్తున్నాం (మేం ముగ్గురం హెచ్4 డిపెండెంట్ వీసా మీద). అబ్బాయి సీబీఎస్ఈలో తొమ్మిదో తరగతి పూర్తి చేస్తున్నాడు, ఆరు నుంచీ ఐఐటీ ఫౌండేషన్. పాపకు ఆగస్టులో నాలుగేళ్లు నిండుతాయి, మాటలు ఇంకా సరిగా రాలేదు. అక్కడ సీటుకి ఇప్పుడే అప్లై చేయాలా, డొనేషన్ ఎంత ఉంటుంది? అబ్బాయిని ఈఎస్ఎల్ (ఇంగ్లిష్ సరిగా రానివాళ్లకి నేర్పే క్లాసు)లో పడేస్తారని అందరూ భయపెడుతున్నారు. నాకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ డొనేషన్ మాట మరిచిపోండి. అక్కడ పబ్లిక్ స్కూలుకి, అంటే ప్రభుత్వ బడికి, ఫీజు లేదు, ఎంట్రన్స్ లేదు, అసలు మనం అనుకునే ‘సీటు’ అనేదే లేదు. మీరు ఏ ఇంట్లో దిగితే ఆ ఇంటికి ఒక స్కూలు రాసిపెట్టి ఉంటుంది, అంతే. కాబట్టి మీరు ఇప్పుడు వెతకాల్సింది స్కూల్ని కాదు, ఇంటిని.

ఏ ఇంటికి ఏ స్కూలో చెప్పేది స్కూల్ డిస్ట్రిక్ట్. డిస్ట్రిక్ట్ అనగానే మనకు కలెక్టరాఫీసు గుర్తొస్తుంది. డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు, స్కూళ్ల కోసమే ఉన్న ఒక ప్రత్యేకమైన ప్రభుత్వం అనుకోండి. దానికి ఎన్నికైన బోర్డు ఉంటుంది, సొంతంగా ఇంటి పన్ను వేసుకునే అధికారం ఉంటుంది, సొంత రూల్స్ ఉంటాయి. రాష్ట్రంలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. చిక్కేమిటంటే వీటి సరిహద్దులు ఊరి సరిహద్దులతో కలవవు. డాలస్ శివార్లలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోనే తీసుకోండి, ఊరు ఒకటే గానీ అందులో ఇళ్లు ఫ్రిస్కో, లూయిస్‌విల్, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ అని నాలుగు డిస్ట్రిక్టుల కింద ఉన్నాయి. అడ్రస్‌లో ఫ్రిస్కో అని చూసి లీజు మీద సంతకం పెట్టేసి, తీరా చూస్తే పిల్లాడు వేరే డిస్ట్రిక్ట్ స్కూలుకి పోవాల్సి వచ్చిన ఇళ్లు నాకు రెండు మూడు తెలుసు. డిస్ట్రిక్టుల వెబ్‌సైట్లలో అడ్రస్ కొడితే ఏ ఎలిమెంటరీ, ఏ మిడిల్, ఏ హైస్కూలో చూపిస్తుంది. లీజు కంటే ముందు ఆ పని చేయండి, ఏజెంట్ మాట మీద కాదు.

మొదటి నెల చుట్టాలింట్లో దిగుతామంటే దానికీ దారి ఉంది, ఇంటివాళ్లు నోటరీ చేయించిన అఫిడవిట్ ఇస్తారు. కానీ వాళ్ల స్కూలు బాగుంది కదా అని వేరేచోట ఉంటూ వాళ్ల అడ్రస్ వాడుకోవద్దు. ఎన్‌రోల్‌మెంట్ ఫారంలో తప్పుడు సమాచారం ఇవ్వడం అక్కడ నేరం, ఆ మాట ఫారం మీదే అచ్చు వేసి ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ రిస్కు అస్సలు వద్దు.

వీసా అంటే గుర్తొచ్చింది. హెచ్4 పిల్లల్ని చేర్చుకుంటారా అని మీ మనసులో ఉండే ఉంటుంది. చేర్చుకుంటారు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇమిగ్రేషన్ స్టేటస్ చూసి ఏ పిల్లనీ బడికి దూరం చేయకూడదు, ఆ కేసు పుట్టింది కూడా టెక్సస్‌లోని టైలర్ అనే ఊరి డిస్ట్రిక్ట్ మీదే. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా ఫర్వాలేదు, వాళ్లే ఒక స్టూడెంట్ నంబర్ ఇస్తారు.

ఇక ఈఎస్ఎల్. చేరేరోజు మీ చేతికిచ్చే కాగితాల్లో హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒకటి ఉంటుంది. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, పిల్ల ఎక్కువగా ఏ భాష మాట్లాడుతుంది, ఇలాంటి చిన్న ప్రశ్నలే. ఇక్కడే మనవాళ్లు పెన్ను పట్టుకుని ఆగిపోతారు. ‘తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్‌లో వేస్తారు, ఇంగ్లిష్ అని రాసెయ్’ అని పక్క అపార్ట్‌మెంట్ ఆంటీ అప్పటికే చెప్పి పంపి ఉంటుంది. నా మాట వినండి, తెలుగు అనే రాయండి. అలా రాస్తే జరిగేదల్లా ఇంగ్లిష్‌లో ఒక పరీక్ష పెట్టడం. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివిన మీ అబ్బాయి దాన్ని దాటేసే అవకాశమే ఎక్కువ. దాటకపోతే ఒకటి రెండు పీరియడ్లలో సాయం దొరుకుతుంది, దానివల్ల కాలేజీ తలుపులేమీ మూసుకుపోవు. అదీ వద్దనుకుంటే తల్లిదండ్రులుగా మీరు కాదనవచ్చు, కాకపోతే ఏటా పెట్టే టెల్‌పాస్ అనే ఇంగ్లిష్ పరీక్ష మాత్రం ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్ల జాబితాలోంచి బయటపడేదాకా రాయాలి. ఆ సర్వేలో పొరపాటు రాసినా చేరిన రెండు వారాల్లోపు, అదీ పరీక్ష పెట్టకముందే దిద్దుకోవాలి, ఆ తర్వాత కుదరదు.

నిజం రాయమని ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం మీ పాప. టెక్సస్‌లో నాలుగేళ్ల పిల్లలకి ప్రీ-కె (కిండర్‌గార్టెన్‌కి ముందు క్లాసు) అందరికీ ఉచితం కాదు, కొన్ని అర్హతలున్నాయి. అందులో ఒకటి, ఇంగ్లిష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాకపోవడం! సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్లు నిండితే చాలు, మీ పాప సరిగ్గా సరిపోతుంది. అంటే పక్కింటి ఆంటీ మాట విని ‘ఇంగ్లిష్’ అని రాసినవాళ్లు ఆ ఉచిత క్లాసుని చేజేతులా వదులుకుని, నెలనెలా డేకేర్‌కి డాలర్లు పోస్తున్నారన్నమాట. దీనికి రిజిస్ట్రేషన్ వేసవికి ముందే మొదలవుతుంది, వెళ్లగానే అడగండి.

పాప మాటల సంగతి మాత్రం ప్రీ-కెతో కలిపి వదిలేయకండి, అది వేరే దారి. మూడేళ్లు నిండిన పిల్లలకి ఏదైనా ఇబ్బంది ఉందేమో పరీక్షించి, ఉంటే స్పీచ్ థెరపీ లాంటివి ఉచితంగా ఇవ్వాల్సిన బాధ్యత డిస్ట్రిక్ట్‌దే. 1975 నుంచి ఉన్న కేంద్ర చట్టం అది, ఇప్పుడు ఐడీఈఏ అంటారు. పిల్ల ఇంకా స్కూల్లో చేరకపోయినా అడగొచ్చు. ఎలా అడుగుతారన్నదే ఇక్కడ ముఖ్యం. ఫ్రంట్ ఆఫీసులో నోటిమాటగా అడిగితే ‘పాప కొత్తగా వచ్చింది కదా, కొన్నాళ్లు చూద్దాం’ అని నవ్వుతూ పంపించేస్తారు, మీరూ మొహమాటపడి వచ్చేస్తారు, ఆరు నెలలు అలా గడిచిపోతాయి. అదే రెండు లైన్ల ఈమెయిల్ రాసి స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ కావాలని డిస్ట్రిక్ట్‌లో ఆ విభాగానికి పంపితే లెక్క మారుతుంది. 15 స్కూలు దినాల్లో జవాబివ్వాలి. పరీక్షిస్తామంటే మీరు సంతకం పెట్టిన రోజు నుంచి 45 స్కూలు దినాల్లో రిపోర్టు ఇవ్వాలి. వేసవి సెలవులు ఈ లెక్కలోకి రావు గనక ఆగస్టు మొదట్లోనే పంపండి. పాప వినేది తెలుగే అని అందులో తప్పకుండా రాయండి, లేకపోతే ఇంగ్లిష్ రాకపోవడాన్నీ మాట రాకపోవడాన్నీ కలిపేసి చూసే ప్రమాదం ఉంది. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడండని సలహాలు మొదలవుతాయి చూడండి, పట్టించుకోకండి.

మీకు ఇంగ్లిష్ అంతంత మాత్రం అన్నారు. ఇలాంటి మీటింగులకి ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయడం వాళ్ల పని, దానికి డబ్బు అడగకూడదు. తెలుగు అంటే ఎక్కువగా ఫోన్ మీద కలుపుతారు. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని వాడిచేత అనువాదం చేయించకండి, వాడి మార్కుల సంగతైతే మరీను.

అబ్బాయి విషయానికొద్దాం, అసలు తలనొప్పి ఇక్కడుంది. తొమ్మిది పూర్తయింది కనక ఆగస్టులో పదో గ్రేడ్‌లో పడతాడు. అక్కడ హైస్కూలంటే 9 నుంచి 12, డిప్లొమాకి క్రెడిట్లు (కోర్సు పూర్తి చేస్తే వచ్చే పాయింట్లు) లెక్కపెడతారు, ఎండార్స్‌మెంట్ అనే ఎంచుకున్న ప్రత్యేక రంగంతో కలిపి 26. మనవాడు తొమ్మిదిలో చదివిన మ్యాథ్స్, సైన్సు, ఇంగ్లిష్, సోషల్‌కి ఎన్ని క్రెడిట్లు ఇస్తారు, ఆ మార్కులు జీపీఏలో కలుస్తాయా లేక పాస్ అని మాత్రమే వేస్తారా అన్నది డిస్ట్రిక్ట్‌ని బట్టి ఉంటుంది. కౌన్సెలర్‌ని మొదట అడగాల్సిన ప్రశ్న అదే. మన మ్యాథ్స్ పుస్తకంలో అన్నీ కలిపి ఉంటాయి, వాళ్లకేమో ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2 అని ఏడాదికొకటి. మార్కుల మెమోలో ‘మ్యాథమేటిక్స్ 94’ అని ఒక్క లైను చూసిన కౌన్సెలర్‌కి మీవాడికి ఏమొచ్చో ఎలా తెలుస్తుంది?

మా అమ్మాయికి ఇదే జరిగింది. మేం అక్కడున్న రోజుల్లో చేర్చేటప్పుడు నేనేమీ అడగలేదు, వాళ్లూ అడగలేదు, వచ్చిన లెక్కలే ఏడాదంతా మళ్లీ చేసింది. ఊరికే ‘ఎ’ గ్రేడ్ మార్కులు వస్తున్నాయి కదా అని నేను మురిసిపోయాను కూడా. క్రెడిట్ బై ఎగ్జామ్ అని ఒకటుందని తర్వాతెప్పుడో తెలిసింది, అందులో 80 శాతం తెచ్చుకుంటే క్లాసులో కూర్చోకుండానే ఆ కోర్సు క్రెడిట్ ఇచ్చేస్తారు. కౌన్సెలర్‌గా పనిచేసే నాకే ఇలా అయింది, ఇక మీ సంగతి చెప్పాలా. అందుకే సీబీఎస్ఈ తొమ్మిది సిలబస్ ప్రింటు తీసుకెళ్లండి, పరీక్ష తేదీలు అడగండి. డిప్లొమాకి రెండు క్రెడిట్లు వేరే భాష కూడా కావాలి. కొన్ని డిస్ట్రిక్టుల్లో తెలుగు పరీక్ష రాసి ఆ క్రెడిట్లు తెచ్చుకోవచ్చు, మీ డిస్ట్రిక్ట్‌లో ఉంటే మాత్రం స్పానిష్‌తో కుస్తీ పట్టే బదులు ఆ పీరియడ్‌లో ఇంకో మంచి సబ్జెక్టు తీసుకోవచ్చు. వాడికి తెలుగు చదవడం, రాయడం వచ్చా? రాకపోతే ఈ రెండు నెలలూ కూర్చోబెట్టండి, నవ్వకండి, పనికొచ్చే పనే ఇది.

ర్యాంకు గురించి కూడా ఒక మాట. టెక్సస్‌లో క్లాసులో టాప్ 10 శాతంలో ఉంటే రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీల్లో నేరుగా అడ్మిషన్, 1997 నుంచి ఉన్న రూలు. ఒక్క ఆస్టిన్‌లోని యూటీ మాత్రం 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి దాన్ని 5 శాతానికి కుదించింది. అడ్మిషన్ అంటే యూనివర్సిటీలోకే సుమా, కంప్యూటర్ సైన్స్ గ్యారంటీ కాదు. అందుకే వెబ్‌సైట్లలో 10కి 10 రేటింగ్ ఉన్న స్కూలే కావాలని అద్దె ఎక్కువైనా అటే పరిగెత్తేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. అక్కడ వాడి పక్కన కూర్చునేవాళ్లంతా తొమ్మిదికి ముందే ఆల్జీబ్రా పూర్తి చేసినవాళ్లు, అందులో చాలామంది మనవాళ్లే. పదిలో దిగిన పిల్లాడికి ర్యాంకు తెచ్చుకోవడానికి రెండేళ్లే ఉంటుంది. ఏడెనిమిది రేటింగ్ ఉండి, ఏపీ కోర్సులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి సబ్జెక్టులు) బాగా నడిపే స్కూలైతే మీవాడికి ఊపిరాడుతుందని నా అభిప్రాయం, మీ వారు ఒప్పుకోకపోవచ్చు.

ఐఐటీ ఫౌండేషన్ ఆన్‌లైన్‌లో కొనసాగిద్దామని మీకు ఉండే ఉంటుంది. ఫీజు పోతే పోయింది, మానిపించండి. పగలు అక్కడి హోంవర్కు, రాత్రి ఇక్కడి క్లాసులు అని రెండు పడవల మీద కాళ్లు పెడితే వాడు రెండింట్లోనూ మునుగుతాడు. ఆ లెక్కల పునాది ఎక్కడికీ పోదు, ఏపీ ఫిజిక్స్‌లో, క్యాల్‌క్యులస్‌లో అదే కాస్తుంది. మొదటి సెమిస్టర్‌లో మాత్రం ఒకటి రెండు ఏపీలకి మించి ఎక్కించకండి. వాడికి అక్కడ లంచ్‌లో ఎవరి పక్కన కూర్చోవాలో కూడా తెలియదు పాపం.

హాజరు సంగతి మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం ఉండాలి, లేకపోతే మార్కులొచ్చినా క్రెడిట్ ఆపేయొచ్చు. అనుమతి లేని గైర్హాజరు ఆరు నెలల్లో పది అయితే కోర్టు దాకా వెళ్లొచ్చు. మాఘమాసంలో మేనమామ పెళ్లంటే వాళ్లకి అర్థం కాదు. ఇండియా ప్రయాణాలు జూన్, జూలైల్లోనే పెట్టుకోండి.

కాగితాల్లో మిమ్మల్ని బాగా సతాయించేది టీకాల కార్డు. చికెన్‌పాక్స్, హెపటైటిస్ ఎ చాలామందికి ఇక్కడ వేయించి ఉండరు, అక్కడ రెండూ రెండేసి డోసులు కావాలి. అబ్బాయి వయసుకి టీడ్యాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు టీకా), మెనింజైటిస్ టీకా కూడా. మొదటి డోసులు ఇక్కడే వేయించేస్తే మిగతావి అక్కడ టైముకి వేయిస్తామని చెప్పి చేర్చవచ్చు. ఇంకోటి, మన డాక్టర్లు 05/11 అని రాస్తే మనకది నవంబర్ 5, అక్కడి స్కూల్ నర్సుకి మే 11. మీ పిల్లల డాక్టర్ దగ్గర కూర్చుని నెల పేరు అక్షరాల్లో వచ్చేలా కొత్త లిస్టు రాయించి, సంతకం, స్టాంపు వేయించుకోండి. అదీ, బర్త్ సర్టిఫికెట్లూ, టీసీ, ఎనిమిది తొమ్మిది మార్కుల మెమోలూ పచ్చళ్ల సూట్‌కేసులో కాదు, మీ చేతి బ్యాగులో.